కాళ్లు పెట్టిన నీళ్లు

నా బిడ్డ ఉన్న గదిలోకి నేను అడుగు పెట్టగానే మల్లెపూల వాసన కొట్టింది. ఖానాపూర్ నుంచి నిర్మల్, నిర్మల్ నుంచి ఆదిలాబాద్, రెండు బస్సుల్లోనూ నా కళ్ల ముందు తెల్లబట్ట కప్పిన భవ్యే కనబడింది. అల్లుడు ఫోన్లో చెప్పిన మాట అట్లాంటిది. అందుకే పూల వాసన రాగానే ప్రాణం కొంచెం కుదుటపడింది. పూలు పెట్టుకునే ఓపిక ఉందంటే మనిషి బాగానే ఉన్నట్టు కదా అనుకున్నాను.

భవ్య తలలో పూలు లేవు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. భుజం పట్టి ఇటు తిప్పబోతే మూలిగింది. పైట తీసి చూపించింది. పాత చీర గుడ్డతో రొమ్ములు రెండూ బిగించి కట్టి ఉన్నాయి. గుడ్డ లోపల మల్లెపూలు. వాడిపోయి, రంగు తిరిగి, పాల చెమ్మకు నానిపోయి ఉన్నాయి.

పాలు ఎండిపోవాలంటే అట్లా కడతారు. పుట్టిన బిడ్డ పోయిన తల్లికి కడతారు. మా అక్కకు కట్టగా చూశాను.

"పిల్లేది?" అన్నాను.

"ఉన్నది అవ్వా. బానే ఉన్నది. ముంగటి రూంల మా అత్త ఒళ్ల ఉన్నది. నాకిస్తలేరు."

పిల్లకు మూడో నెల వచ్చేదాకా ఇద్దరినీ నా ఇంట్లోనే ఉంచుకొని, వెల్లుల్లి కారం, పచ్చి బొప్పాయి కూర పెట్టి పంపాను. అప్పుడు పిల్ల ఒక పక్క తాగుతుంటే రెండో పక్క చీర తడిసిపోయేది. అది చూసి కూడా నాకు భయమే. పాలు ఎక్కువై గడ్డ కడుతుందేమో అని. నాకు భయపడటానికి కారణం కావాలంటే వెతకనక్కర లేదు. ఈసారి కారణమే ఫోన్ చేసి పిలిచింది.

"అత్తా, జర వచ్చి పో. భవ్య ఒంట్ల సీసం ఉన్నది. పాదరసం సుత ఉన్నట్టున్నది. మిషన్ల బయటపడ్డది. ఫికర్ చేయకు, తీసేస్తున్నం" అన్నాడు అల్లుడు ఓంప్రకాశ్. ఫికర్ చేయకు అని ఎవరైనా అన్నారంటే నాకు ఆ పూట ముద్ద దిగదు.

"సీసం బ్యాటరీలల్ల ఉంటది గదనే, మనిషి ఒంట్లకు ఎట్ల పోతది?" అన్నాడు నా పెనిమిటి వెంకటి. ఆయనకు పత్తి చేనే లోకం. నాకు మాత్రం అప్పటికే నాలుగు దారులు కనబడ్డాయి. ఆయన పత్తికి మందు కొట్టి వచ్చి విడిచిన బట్టలూ, కడుపుతో ఉన్న భవ్య బట్టలూ ఒకే బకెట్‌లో నానబెట్టాను. బోరింగు నీళ్లు తాగించాను. కిరాణా దుకాణం పసుపు వాడాను. ఇంటికి వేసిన కొత్త రంగు వాసన పోకముందే దాన్ని ఆ గదిలో పడుకోబెట్టాను. ఏ దారిన వచ్చినా నా ఇంటి నుంచే వచ్చింది.

ఓంప్రకాశ్ మస్కట్‌లో కరెంటు పని చేసి, పోయినేడు తిరిగి వచ్చాడు. ఈ మధ్యే నాగపూర్ పోయి ఒక మిషన్ తెచ్చి, ఇంటి ముందు గదిలో పాదస్నాన కేంద్రం అని బోర్డు పెట్టాడు. ఒక ప్లాస్టిక్ టబ్బు, దాంట్లో నీళ్లు. నీళ్లలో తీగలు చుట్టిన ఒక ఇనుప చుట్ట. పక్కన డబ్బా, డబ్బా మీద ఒక ముల్లు. కాళ్లు టబ్బులో పెట్టుకొని కూర్చుంటే స్విచ్చి వేస్తాడు. కొంతసేపటికి నీళ్లు రంగు మారతాయి. ఒంట్లో ఉన్న విషమంతా అరికాళ్ల నుంచి దిగుతుందట. గోడకు పటం ఉంది. పసుపు రంగు అయితే కీళ్లది, ఆకుపచ్చ అయితే పిత్తానిది, నల్లగా అయితే లోహాలది.

కేంద్రం మొదలుపెట్టిన రోజు నలుగురిని పిలిచి, ముందుగా భవ్యను కూర్చోబెట్టాడు. ఇంటి మనిషే కూర్చుంటే జనం నమ్ముతారని. భవ్య కాళ్లు పెట్టిన నీళ్లు ఎవరి నీళ్లూ కానంత నల్లగా అయ్యాయి. పైన మురికి నురగ తేలింది. ఆ రోజు సాయంత్రమే చంద్రవ్వ, అంటే నా వియ్యపురాలు, మల్లెపూలు తెచ్చింది.

ముందు గదిలోకి పోయేసరికి ఆమె ఒళ్లో పిల్ల సీసా నోట్లో పెట్టుకొని తాగుతోంది.

"వచ్చినవా వదినె" అంది చంద్రవ్వ. "నీ బిడ్డను పసుపు కుంకుమ పెట్టి పంపినవనుకున్న. విషం పెట్టి పంపినవ్."

పిల్లను చేతుల్లోకి తీసుకుంటే డబ్బా పాల వాసన వచ్చింది. బుగ్గలు తగ్గలేదు. అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ సాయంత్రం కట్టు వదులైతే నేనే బిగించాను. భవ్య పళ్లు కొరుక్కుంది. "జర ఓర్సుకో బిడ్డా, పిల్ల బతుకాలె గద" అన్నాను. అది నా వైపు చూసిన చూపు పరాయి మనిషిని చూసినట్టు ఉంది.

"నువ్వు సుత నమ్మినవా అవ్వా?"

"కండ్లతోని సూసిర్రు గదనే అందరు."

"ఏం సూసిర్రు? ఉప్పు నీళ్లల్ల ఇనుము పెట్టి కరెంటు ఇస్తే తుప్పు దిగుతది. ఇంటర్ల చదివిన. గా దినం పిడికెడు పిడికెడు ఉప్పు పోసిండు. వేరేటోళ్లకు చెంచెడు పోస్తడు."

నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. కరెంటు అంటే నాకు తెలిసింది ఒక్కటే, తడి చేత్తో ముట్టొద్దు. రోగం వచ్చినవాళ్లు తమకు రోగం లేదనే అంటారు అనుకున్నాను.

ఊరికే కూర్చుంటే చంద్రవ్వ మాటలు పడాలి. అందుకని టబ్బు నింపడం, ఉప్పు వేయడం, నీళ్లు పారబోయడం నేను ఎత్తుకున్నాను. పొద్దున్నే గిరాకి వచ్చేది. పత్తి మార్కెట్ వైపు నుంచి ఎక్కువ. మోకాళ్ల నొప్పుల బుచ్చవ్వ, షుగర్ ఉన్న దశరథం ఎప్పుడూ పక్కపక్కనే కూర్చుని వంతు కోసం చూసేవాళ్లు.

"నా నీళ్లు గీసారి జర తేరినయా ఓంప్రకాశూ?" అనేది బుచ్చవ్వ.

"తేరినయ్ పెద్దవ్వా."

"మోకాళ్లే తేరుతలేవు."

"నీ మోకాళ్లల్ల ఇనుప సామాన్ల దుకాణమే ఉండె. ఒక్కపారి ఎట్ల ఖాళీ అయితది" అనేవాడు దశరథం.

"నీ కడుపుల ఉన్న గుడుంబ రంగు మాత్రం గా పటంల లేదు సూడు. దానికి ఇంకో గోడ కావాలె."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ ఒకసారి నవ్వాను. అదే సమయానికి భవ్య చాయ్ తెచ్చింది. బుచ్చవ్వ గ్లాసు అందుకోబోయి ఆగింది.

"గామెనే పోసిందా చాయ్?"

"నేనే పోసిన, తాగు" అంది చంద్రవ్వ.

"ఏం లేదు, అడిగిన. పిల్లకు పాలు బంద్ చేసి మంచి పని చేసిర్రు. కన్నతల్లే విషమైతే ఎవలను ఏమంటం."

భవ్య అక్కడే నిలబడి ఉంది. ఆమె రవిక ముందు భాగం తడిసింది. కట్టు దాటి పాలు వచ్చాయి. సీసా కోసం పిల్ల ఏడ్చినప్పుడల్లా అట్లా వచ్చేవి. బుచ్చవ్వ ఆ తడిని చూసి కాళ్లు దగ్గరికి తీసుకుంది, పాము కనబడ్డట్టు. ఓంప్రకాశ్ మాత్రం, "సూసిర్రా, ఇంక దిగుతనే ఉన్నది" అన్నాడు. భార్య గురించి అన్నట్టు లేదు. దుకాణంలో సరుకు చూపించినట్టు ఉంది.

అప్పుడు నాకు మొదటిసారి వేరే భయం పుట్టింది. సీసం భయం కాదు.

మరునాడు మధ్యాహ్నం ఓంప్రకాశ్ బయటికి పోయాడు. చంద్రవ్వ పిల్లను పక్కలో వేసుకొని లోపల గది తలుపు పెట్టుకొని పడుకుంది. నేను భవ్య చెయ్యి పట్టుకొని ముందు గదికి తెచ్చాను. "సూపియ్యి" అన్నాను. "నా కండ్ల ముంగట సూపియ్యి. నువ్వు చెప్పింది అబద్ధమైతే మల్ల కట్టు విప్పమని అడుగొద్దు."

బోరు మోటరు నడవడం లేదు. తాగడానికి తెచ్చిన ఫిల్టర్ నీళ్ల డబ్బా ఉంటే అదే టబ్బులో పోసింది. ఉప్పు వేయలేదు. కాళ్లు పెట్టి కూర్చుంది. "స్విచ్చి వెయ్" అంది.

"కరెంటు కొడితే?"

"గిన్నిసార్లు కూసోబెట్టిర్రు. అప్పుడు రాని భయం ఇప్పుడెందుకు?"

వేశాను. గోడకు ఆనుకొని నిలబడ్డాను. ముల్లు కదలలేదు. నీళ్లు కదలలేదు. ఎంతసేపు చూసినా దాని కాలి గోళ్లు, నేను పెట్టిన గోరింటాకు చివర్లు, అడుగున టబ్బు మీది పువ్వు బొమ్మ, అన్నీ కనబడుతూనే ఉన్నాయి.

భవ్య స్విచ్చి తీయమని, కాళ్లు బయటికి తీసింది. తుడుచుకొని దూరంగా నిలబడింది. పక్కనున్న ఉప్పు డబ్బాలోంచి దోసిలితో ఉప్పు తీసి నీళ్లలో పోసింది. "ఇప్పుడు వెయ్."

ముల్లు లేచింది. ఇనుప చుట్ట చుట్టూ బుడగలు వచ్చాయి. మొదట పసుపు, తర్వాత ఇటుక రంగు, తర్వాత నలుపు. నురగ కట్టింది. ఎవరి కాళ్లూ లేవు. నా బిడ్డ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను గోడ దగ్గర ఉన్నాను. మధ్యలో టబ్బు ఒక్కటే కూర్చుని విషం కక్కుకుంటోంది.

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. బిడ్డ ఒంట్లో ఏమీ లేదు. కానీ నాది వంకర బుద్ధి, సంతోషం వెనకే ఇంకొకటి వచ్చి నిలబడింది. ఇది బయటపడితే అల్లుడి దుకాణం ఏమవుతుంది, దుకాణం పోతే నా బిడ్డ కాపురం ఏమవుతుంది?

"ఐపోయిందా?" అన్న మాట వినబడింది. ఓంప్రకాశ్ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు.

టబ్బులోకి చూశాడు. స్విచ్చి తీశాడు. ఉలిక్కిపడతాడనుకున్నాను. బట్ట తెచ్చి కింద పడ్డ నీళ్లు తుడిచాడు.

"గింత ఉప్పు ఎయ్యద్దు. చుట్ట పాడైతది" అన్నాడు.

"కాళ్లు లేకున్నా నల్లగైనయ్ బాబూ" అన్నాను.

"అయితయ్ అత్తా. ఇనుము గది. నేను మస్కట్ల కరెంటు పని చేసినోన్ని. నాగపూర్ల మిషన్ ఇప్పి సూసిన దినమే నాకు ఎరుకైంది. నీ బిడ్డ ఇంటర్ చదివి చెప్పాల్నా?"

భవ్య టబ్బు దాటి అతని ముందుకు వచ్చి, "మరి పిల్లకు పాలెందుకు బంద్ చేయించినవ్?" అంది.

అతను కోపంగా చెప్పలేదు. బుచ్చవ్వకు పటం వివరించే గొంతుతోనే చెప్పాడు.

"గా దినం సీసమని చెప్పిన. చెప్పంగనే గా బుచ్చవ్వ అడిగింది, మరి పిల్లకు పాలిస్తున్నదా అని. ఇస్తున్నదంటే నా మిషన్ ఉత్తదే అన్నట్టు. ఇస్తలేదంటే, వీడు సొంత పిల్లకు సుత బంద్ చేసిండు, నిజమే ఉన్నట్టున్నది అంటరు. నువ్వైతే ఏం చెప్దువు?"

"నీ పిల్ల అది."

"పిల్లకు డబ్బల పాలు దొరుకుతయ్. గిరాకి డబ్బల దొరుకది." తర్వాత నా వైపు తిరిగాడు. "పరేషాన్ గాకు అత్తా. కోర్సు నడుస్తున్నది. జర జర ఉప్పు తగ్గిచ్చుకుంట పోత. నీళ్లు మెల్లగ తేరుతయ్. దసరా దాక తెల్లగైతయ్. అప్పుడు అందరి ముంగట పిల్లను ఇచ్చేస్తం. దానికి మంచిగ పేరస్తది, నాకు మంచిగ పేరస్తది."

"దసరా దాక పాలుంటయా?"

"గది నాకేం ఎరుక? గది మీ ఆడోళ్ల పని" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

చంద్రవ్వకు తెలియదు, తెలిస్తే ఆమె ఊరుకోదు అనుకున్నాను. ఆమె చెడ్డది కాదు. మనుమరాలికి జ్వరం వస్తే ఆమె కూడా నాలాగే గుడ్డ తడిపి పెట్టే మనిషి. సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టుకొని అంతా చెప్పాను. కాళ్లు లేకుండానే నీళ్లు నల్లగా అయ్యాయని నా పిల్లల మీద ఒట్టు పెట్టాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నమ్మింది అనుకున్నాను.

"కాళ్లు పెట్టకున్నా నల్లగైనయా?" అంది. "అంటే గా టబ్బుకు నీ బిడ్డ విషం ఎంత నాటుకున్నదో సూడు వదినె. రేపే కొత్త టబ్బు తెప్పిస్త."

ఇంకేం చెప్పాలి ఆమెకు. ఇంటికి తీసుకుపోతానని అడిగాను. "నీ బిడ్డను తోల్కపో, అడ్డం లేదు. మనుమరాలిని మాత్రం గా పాలకాడికి పంప" అంది. భవ్య పిల్లను వదిలి గడప దాటదు. నేను భవ్యను వదిలి దాటలేను. ఖానాపూర్‌కు ఫోన్ చేస్తే వెంకటి, "నలుగురిని తీస్కొని వస్త, పంచాయితి పెడ్త" అన్నాడు. పంచాయితి అంటే నాకు గుండె ఆగినంత పని. నలుగురు మగవాళ్లు కూర్చుని నా బిడ్డ రొమ్ముల గురించి మాట్లాడతారు. చివరికి పిల్ల అక్కడే ఉండాలంటే? విడిపోయినట్టు కాగితం రాసుకొమ్మంటే? వద్దని చెప్పాను. ఆయన రాలేదు.

కట్టు విప్పేశాను. పూలు తీసి పొయ్యిలో వేశాను. పైకి మాత్రం రవిక మీద గుడ్డ చుట్టి ఉంచేవాళ్లం, చంద్రవ్వ చూడకుండా. స్నానాల గదిలో భవ్య పాలు పిండుకునేది. పిండితే ఊరతాయని ఆశ. తలుపు బయట నేను కావలి. లోపల గ్లాసు చప్పుడు, బయట గదిలో పిల్ల ఏడుపు. ఆ పాలు మోరీలో పోసి, నీళ్లు కొట్టి, అది బయటికి వచ్చేది. వెల్లుల్లి పెట్టాను. మెంతులు నానబెట్టి పెట్టాను. అయినా గ్లాసు నిండడం మానేసింది. తర్వాత గ్లాసు అడుగు కూడా తడవలేదు. చేతి గుడ్డ తడిసేది. తిండితో కాదు, పిల్ల నోరు తాకితేనే పాలు ఊరేది. నాకు తెలియనిదా?

"దసరా దాక వద్దు అవ్వా. ఇప్పుడే ఏమన్న చెయ్" అంది భవ్య. మొదటిసారి అది నన్ను వేడుకున్నది. చిన్నప్పుడు కూడా దేనికీ వేడుకోలేదు.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. మిషన్ అబద్ధమని చెప్తే ఎవరూ వినరు. మిషన్ చెప్పిందంటే అందరూ వింటారు. టబ్బు నింపేది నేనే. ఉప్పు వేసేది నేనే.

అంగడి రోజు ముందు గది నిండా జనం ఉంటారు. ఆ రోజు భవ్య వంతు ఉంది. కొత్త టబ్బులో ఫిల్టర్ నీళ్లు పోశాను. ఉప్పు డబ్బా మూత తీసి, చెయ్యి లోపల పెట్టి, ఖాళీ చెయ్యి నీళ్లలో విదిలించాను. ఎవరూ చూడలేదు. బుచ్చవ్వ ఉంది, దశరథం ఉన్నాడు. మార్కెట్‌కు వచ్చిన మరాఠీ మాట్లాడే ఆడవాళ్లు ఇద్దరు ఉన్నారు. మూలన ఒక తల్లి, నిండు గర్భంతో ఉన్న కూతురిని పక్కన కూర్చోబెట్టుకొని ఉంది. ఆ కూతురి పేరు మమతారాణి అని ఓంప్రకాశ్ పిలుస్తుంటే విన్నాను.

భవ్య కాళ్లు పెట్టింది. ఓంప్రకాశ్ స్విచ్చి వేసి, పటం దగ్గర నిలబడి, సీసం ఎముకల్లో ఎట్లా దాక్కుంటుందో చెప్తున్నాడు. కొంతసేపటికి దశరథం మెడ చాచాడు.

"నీళ్లు ఎట్లున్నయో అట్లనే ఉన్నయ్ గద."

ఓంప్రకాశ్ వచ్చి టబ్బులోకి చూశాడు. డబ్బా మీద ముల్లు చూశాడు. అది నిద్రపోతోంది. తర్వాత నన్ను చూశాడు. ఉప్పు వేయలేదు అని అతను అనలేడు. అంటే, ఉప్పుతోనే నలుపు అని ఇంత మంది ముందు చెప్పినట్టే. అతని నోరు తెరుచుకొని, మూసుకుంది. ఆ క్షణం నేను గెలిచాను. నా జన్మలో అట్లాంటి క్షణం ఇంకొకటి లేదు.

"పోయింది" అన్నాడు ఓంప్రకాశ్. గొంతు సర్దుకున్నాడు. "నేను దసరా అన్న. ముందుగాల్నే పోయింది. ఎవలన్న వచ్చి సూసుకోండ్రి."

అందరూ లేచి వంగి చూశారు. మరాఠీ ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. చంద్రవ్వ పిల్లను ఎత్తుకొని వచ్చింది. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు ఉన్నాయి. "పట్టుకో బిడ్డా" అని భవ్య ఒళ్లో పెట్టింది. "ఎన్ని మాటలన్ననో. మనసుల పెట్టుకోకు. ఇయ్యి, తాగనియ్యి."

భవ్య లోపలికి పోదామని లేవబోయింది. కాళ్లు ఇంకా టబ్బులోనే ఉన్నాయి. "గీడనే ఇయ్యి, అందరం ఆడోళ్లమే. దశరథం, నువ్వు అటు తిరుగు" అంది బుచ్చవ్వ. దశరథం గోడవైపు తిరిగాడు.

భవ్య పైట కప్పి పిల్లను దగ్గరికి తీసుకుంది. పిల్ల వాసన చూసింది. నోరు తెరిచింది. రెండు గుటకలకు సరిపడా లాగి, వదిలేసి, మొహం పక్కకు తిప్పింది. మళ్లీ పెట్టింది. పిల్ల వీపు విల్లులా వంచి ఏడ్చింది. రెండో పక్క పెట్టింది. పిల్ల పిడికిలితో రొమ్మును తోసింది. భవ్య వేళ్లతో పిండింది. వేళ్లకు ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా పిండింది. చర్మం ఎర్రబడింది.

పిల్ల ఏడుపుకు ఆడవాళ్లు దగ్గరికి జరిగారు.

"పాలు లేవు గద" అంది బుచ్చవ్వ.

ఓంప్రకాశ్ ఆలోచించడానికి పెద్ద సమయం తీసుకోలేదు. "ఉండయ్ పెద్దవ్వా. విషం గా పాలల్లనే ఉండె. విషంతోని పాలు సుత దిగిపోయినయ్. లేకుంటే పిల్ల దక్కకపోవు."

"అమ్మో" అని బుచ్చవ్వ చెంపలు వేసుకుంది. "ఎంత పని తప్పింది."

చంద్రవ్వ సీసా తెచ్చింది. పిల్ల దాన్ని దూరం నుంచి చూసి ఏడుపు ఆపింది. భవ్య ఒళ్లో నుంచి రెండు చేతులూ చంద్రవ్వ వైపు చాచింది. భవ్య పట్టుకోలేదు. వదిలేసింది. టబ్బులో కాళ్లు పెట్టుకొని, పైట సర్దుకోకుండా, ఆ తెల్లని నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. నేనే పోయి కప్పాను. కాళ్లు బయటికి తీసి తుడిచాను. అది చిన్న పిల్లలాగా తుడిపించుకుంది.

మూలన ఉన్న తల్లి లేచింది. "మా మమతకు ఎనిమిదో నెల. కాన్పు కాకముందే విషం తీపిస్తే మంచిదా?" అని అడిగింది.

"గదే చెప్పబోతున్న" అన్నాడు ఓంప్రకాశ్. "పాలు పడకముందే సూసుకోవాలె. అత్తా, నీళ్లు మార్చు."

టబ్బు ఎత్తుకొని వాకిట్లోకి పోయాను. ఆ తల్లి చేతులు కడుక్కోవడానికి నా వెనకే వచ్చింది. నా వయసు ఉంటుంది. మెడలో నల్లపూసలు, కళ్ల కింద నాలాంటి గుంటలే. ఆమెను చూస్తే నాకు తెలిసిపోయింది, ఈమె కూడా బస్సులో వస్తూ తెల్లబట్టలే చూసి ఉంటుంది. చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, వద్దు" అన్నాను. "నీ బిడ్డను ఇంటికి తోల్కపో. గీ నీళ్లు అబద్ధం. ఉప్పుకు నల్లగైతయ్. నా బిడ్డకు ఏం లేకుండె. పాలు మేమే ఎండగొట్టినం. నీ బిడ్డకు పాలు పడనియ్యి. పిల్లకు తాపియ్యనియ్యి. నీ కాళ్లు మొక్కుత."

ఆమె నా మొహంలోకి చూసింది. వింటోంది అనుకున్నాను. మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది.

"నీ బిడ్డకు పాలు లేకపాయె" అంది. "గా బాధ నాకు తెలుస్తది. గందుకని నా బిడ్డ కడుపు సూసి ఏడ్వకు."

"ఏడుస్తలేను అక్కా."

"కూసున్న కాడ్నుంచి సూస్తున్న. నీ కండ్లు దాని పొట్టమీదనే ఉన్నయ్."

నేను టబ్బు నింపుకొని లోపలికి తెచ్చాను. బోరు నీళ్లు. ఉప్పు వేయలేదు. ఓంప్రకాశ్ నా చేతుల వైపే చూస్తూ ఉప్పు డబ్బా అందుకోబోయాడు. అంతకు ముందే మమతారాణి తల్లి లేచింది.

"జర ఆగు కొడుకా. మా బిడ్డకు దిష్టి తగిలింది."

డబ్బాలో నుంచి రెండు పిడికిళ్ల నిండా ఉప్పు తీసుకుంది. మమతారాణి ముందు నిలబడి, తల చుట్టూ, పొట్ట చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ పెదాలు కదిలించింది. చివర్లో నా వైపు ఒకసారి చూసి, ఆ ఉప్పంతా టబ్బులో వదిలింది.

ఓంప్రకాశ్ వద్దనలేదు. ఉప్పు అడుగున కరుగుతుంటే మమతారాణి చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని రెండు కాళ్లూ నీళ్లలో పెట్టింది.

"సల్లగున్నయవ్వా" అని తల్లిని చూసి నవ్వింది.

ఓంప్రకాశ్ స్విచ్చి వేశాడు.